తొమ్మిదో సిరంజి

గుమ్మం పక్కన ఒక జత ఆడవాళ్ళ చెప్పులున్నాయి. నీలం పట్టీలు. ఎడమ మడమ దగ్గర అరిగాయి.

భూతద్దం వాటి ముందు వంగి, ముక్కు నేలకి తగులుతుందేమో అన్నంత దగ్గరగా చూసింది. నిజానికి ఆవిడ దగ్గర ఏనాడూ భూతద్దం లేదు. వేలిముద్రల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి అలా వంగి చూడటం అలవాటైంది, దాంతో ఆ పేరు అతుక్కుపోయింది. రిటైరయ్యాక సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టి నాలుగేళ్ళు. అసలు పేరు సొంత తమ్ముడికైనా గుర్తుందో లేదో అనుమానమే.

ఆ తమ్ముడే యూనిఫాంలో లోపలినుంచి వచ్చాడు.

"అక్కా! నువ్విక్కడేం చేస్తున్నావు?"

"చెప్పులు చూస్తున్నా."

"నిన్నెవరు పిలిచారు?"

"లైబ్రేరియన్ గారు. నిన్నో?"

"ఆవిడ మరిది. కంప్లయింటు రాసిచ్చాడు. కాబట్టి కేసు నాది. నువ్వు ఇంటికెళ్ళి మోకాళ్ళకి నూనె రాసుకో."

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయిరా. నీ కేసేంటో చెప్పు, వింటూ చూస్తాను."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. మూడూ యాభై. అక్కని బయటికి పంపడంకంటే విషయం చెప్పేయడమే తొందరగా అయిపోతుందని ఆయనకి చిన్నప్పటినుంచీ తెలుసు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. భార్య లైబ్రేరియన్, భర్తది కళ్ళద్దాల షాపు. మూడో ప్రాణి పద్నాలుగేళ్ళ కుక్క, పేరు బొంత. పిల్లప్పుడు చుట్ట చుట్టుకుని పడుకుంటే మడతపెట్టిన బొంతలా ఉండేదట. ఐదేళ్ళ కిందట దానికి షుగరొచ్చింది. పొద్దున ఏడింటికి ఒక ఇన్సులిన్ ఇంజెక్షన్, సాయంత్రం ఏడింటికి ఇంకొకటి. అప్పటినుంచి మొగుడూ పెళ్ళాలు కలిసి ఊరు దాటింది లేదు. ఒకరు పెళ్ళికెళితే ఇంకొకరు ఇంట్లో. ఈసారి వాళ్ళ పెళ్ళయి ముప్పై ఏళ్ళు నిండాయి. నాలుగు రోజులు సముద్రం చూసొద్దామని గుండె రాయి చేసుకుని ఒక పెట్ సిట్టర్‌ని పెట్టుకున్నారు. జంతువుల్ని చూసుకోవడమే వృత్తిగా ఉన్న అమ్మాయి. ముందే రెండుసార్లు ఇంటికొచ్చి, బొంత తనంతట తాను వచ్చి చెయ్యి నాకేదాకా నేలమీదే కూర్చుంది. అది ఏం తింటుందో, ఏ చప్పుడికి భయపడుతుందో అడిగి రాసుకుంది. మూడు పేజీల అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు రైలెక్కారు. ఇవాళ గురువారం, మూడింటికి తిరిగొచ్చారు. తలుపుకి తాళం. లోపల కుక్క లేదు, అమ్మాయీ లేదు.

"ఎదురింటి పెద్దావిడ చూసింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పొద్దున ఎనిమిదీ నలభై ఐదుకి ఆ పిల్ల దుప్పట్లో పెద్ద మూట చుట్టుకుని, పరిగెత్తుకుంటూ వచ్చి ఆటో ఎక్కింది. ఫోన్ చేస్తే రింగవుతోంది, ఎత్తడం లేదు. కుక్కని ఎత్తుకుపోయిందక్కా. బస్టాండుకీ స్టేషనుకీ మనుషుల్ని పంపాను."

"ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక, పైగా షుగరు. అలాంటి కుక్కని ఎవరెత్తుకుపోతార్రా?"

"ఈ ఇంట్లోవాళ్ళకి అది ప్రాణం కదా. రేపో ఎల్లుండో ఫోన్ చేసి బేరం పెడుతుంది."

"నాలుగు రోజుల ముందునుంచీ పథకం వేసుకున్న పిల్ల, చెప్పులు వేసుకోవడం మర్చిపోయిందా?"

ఇన్‌స్పెక్టరు చెప్పులవైపు చూశాడు. ఆయన ఇందాకటినుంచి మూడుసార్లు వాటిని దాటుకుంటూ తిరిగాడు.

"అవి ఈ ఇంటావిడవేమో అనుకున్నా," అని గొణిగాడు.

"ఆవిడ పాదం వీటిలో సగం కూడా ఉండదు. పద లోపలికి."

*

లైబ్రేరియన్ ఇంకా ప్రయాణం బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. భర్త ఆవిడ వెనక నిలబడి తన కళ్ళద్దాలు తుడుస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు, మళ్ళీ తీసి తుడుస్తున్నాడు. బల్లమీద మెత్తటి దువ్వెన ఒకటి, ఇంకా కవరు విప్పలేదు. బొంత కోసం కొన్నదని ఎవరూ చెప్పక్కర్లేదు.

వంటింటి గుమ్మానికి ఆనుకుని మరిది నిలబడ్డాడు. ముప్పై ఐదు దాటినవాడు, రెండు వీధుల అవతల ఒక ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్‌మన్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, టైములు కావాలి నాకు," అంది భూతద్దం. "ఆ అమ్మాయి రోజూ ఏం చేసేది?"

"పొద్దున ఏడింటికి ఇంజెక్షన్, వెంటనే అన్నం. అదయ్యాక నాకు ఫోటో పంపేది. సాయంత్రమూ అంతే. ఒక్క పూట కూడా తప్పలేదు." లైబ్రేరియన్ ఫోన్ చేతికిచ్చింది. "ఇవాళ ఏడూ ఐదుకి పంపింది, చూడండి."

ఫోటోలో బొంత ఖాళీ గిన్నెలో మూతి పెట్టుకుని ఉంది. కింద రెండు వాక్యాలు. 'ఆరు యూనిట్లు ఇచ్చాను, మూడు నిమిషాల్లో గిన్నె ఖాళీ. ఇవాళ అమ్మా నాన్నా వచ్చేస్తున్నారే అంటే తోక ఊపింది.'

ఫోటో చూస్తున్న భూతద్దం మొహం కాస్త మెత్తబడింది. "ఆ తరవాత?"

"పక్క వీధిలో ఒక పిల్లి ఉందట, ఏడున్నరకి దానికి తిండి పెట్టడానికి వెళ్ళేది. ఎనిమిదీ నలభైకల్లా వచ్చేస్తుంది. ముందే చెప్పింది, అగ్రిమెంటులో కూడా రాసింది."

"ఫోటోలదేముంది వదినా!" మరిది విసురుగా అందుకున్నాడు. "తినిపిస్తూ ఎన్ని ఫోటోలైనా తియ్యొచ్చు. ఫ్రిజ్ మీద నీ చార్టు చూడు. నాలుగు రోజులుగా ఒక్క టిక్కు లేదు. ఒక్క ఇంజెక్షనూ ఇవ్వలేదది. నేను మొదటినుంచీ మొత్తుకున్నాను, బయటి మనిషెందుకూ అని. నేను లేనా?"

"నీకు ప్రెస్సులో ఏ షిఫ్టు పడుతుందో నీకే తెలియదు కదరా," అంది లైబ్రేరియన్ నీరసంగా. "ఏడంటే ఏడింటికే ఇవ్వాలి. అందుకే కదా వద్దన్నాను."

"అదే నేనూ చెప్పేది," అని ఇన్‌స్పెక్టరు ఫ్రిజ్ దగ్గరికి నడిచాడు. అయస్కాంతం కింద చేత్తో గీసిన చార్టు ఉంది. ఆదివారం పొద్దున గడిలో లైబ్రేరియన్ పెట్టిన టిక్కు. తక్కిన గళ్ళన్నీ ఖాళీ. "చూశావా అక్కా? ఇంజెక్షన్లు ఎగ్గొట్టింది. కుక్కకి ఒంట్లో బాగోలేదు. వీళ్ళొచ్చేలోపు భయపడి మాయం చేసింది. కేసు అయిపోయింది."

"అయిపోయింది, నీ తొందర తప్ప. ఆ సూదుల సీసా ఇలా ఇవ్వు."

వంటింటి ప్లాట్‌ఫారం మూలన వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా ఉంది. వాడిన సిరంజిలు వెయ్యడానికి ఆదివారం పొద్దున ఆ అమ్మాయే తెచ్చి పెట్టిందనీ, తాము వాడినవన్నీ పాత డబ్బాతో సహా అప్పుడే తీసేశారనీ లైబ్రేరియన్ చెప్పింది. భూతద్దం పాత పేపరు పరిచి, సీసా బోర్లించి, పెన్సిలు మొనతో ఒక్కొక్కటీ పక్కకి జరిపింది.

"ఆదివారం సాయంత్రం ఒకటి. సోమ, మంగళ, బుధవారాలు రెండేసి. అక్కడికి ఏడు. ఇవాళ పొద్దున ఒకటి, ఎనిమిది. మీ చార్టు మీద రాయలేదంటే తన సొంత పుస్తకంలో రాసుకుంటుందేమో. వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ అలవాటుంటుంది. ఇప్పుడు నువ్వు లెక్కపెట్టరా."

ఇన్‌స్పెక్టరు వేలితో గాల్లో లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"తొమ్మిది."

"ఊఁ. అంటే ఒక్కటీ ఎగ్గొట్టలేదు. పైగా ఒకటి ఎక్కువుంది." ఆవిడ ఇంకా కిందికి వంగింది. "ఎనిమిదింటికి మూతల్లేవు. ఈ తొమ్మిదోదానికి మూత పెట్టి ఉంది."

"మూతలు పెట్టొద్దని తనే చెప్పింది నాకు," అంది లైబ్రేరియన్. "నేను ఎప్పుడూ మూత పెట్టి పడేసేదాన్ని. పెట్టబోయి వేలికి గుచ్చుకుంటారమ్మా అని కోప్పడింది కూడా."

భూతద్దం తల ఎత్తలేదు. నారింజరంగు మూత మీద మసిలాంటి చిన్న మరక ఉంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. ఆ తరవాత కిటికీ కిందున్న బొంత పరుపు దగ్గరికి వెళ్ళి, నిజంగానే మోకాళ్ళ మీద కూర్చుంది.

పరుపు అంచున చీమలు. బారుగా వచ్చి ఒకచోట గుంపు కట్టాయి. వేలితో తాకితే నేల జిగటగా అంటుకుంది. పక్కన ఒక చెంచా. పైన ప్లాట్‌ఫారం మీద పంచదార డబ్బా మూత తీసి ఉంది.

"టీ పెట్టుకున్నట్టుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"టీ పెట్టుకుంటే గిన్నె ఏది? కప్పు ఏది? నేలమీద తాగిందా?" ఆవిడ గొంతు మారిపోయింది. "తమ్ముడూ, ఇన్సులిన్ ఎక్కువైతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. ఫిట్స్ వస్తాయి. అప్పుడు చిగుళ్ళకి పంచదార నీళ్ళు రుద్దాలి. ఇక్కడ జరిగింది అదే. పిల్లి దగ్గరినుంచి వచ్చేసరికి ఇది పడిపోయి కనిపించింది. చెంచాతో పంచదార నీళ్ళు రుద్దింది, దుప్పట్లో చుట్టుకుంది, చెప్పులు కూడా చూసుకోకుండా పరిగెత్తింది. నువ్వు వెతకాల్సింది బస్టాండులో కాదు."

"మా డాక్టరుకి ఫోన్ చేశాం," అన్నాడు కళ్ళద్దాలాయన. "గురువారాలు ఆయన సాయంత్రందాకా రాడు. ఆ అమ్మాయి అక్కడికి రాలేదన్నారు."

"మరి ఇంకెక్కడికి వెళ్ళిందో చెప్పడానికి మనకి ఫోన్ చెయ్యొచ్చు కదా?" ఇన్‌స్పెక్టరు పట్టు వదల్లేదు. "తన ఫోన్ రింగవుతోందిగా!"

"ఆ నంబరుకి చెయ్యి ఇప్పుడు. అందరూ ఒక్క నిమిషం మాట్లాడకండి."

ఇన్‌స్పెక్టరు చేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఎక్కడో తుమ్మెద రొద లాంటి చప్పుడు. అందరికంటే ముందు లైబ్రేరియన్ కదిలింది. పరుపు ఒక చివర పైకెత్తింది. గోడకీ పరుపుకీ మధ్య సందులో ఫోన్ వణుకుతూ ఉంది.

ఇన్‌స్పెక్టరు ఫోన్ కట్ చేసి, టోపీ సర్దుకున్నాడు. ఇప్పటిదాకా ఈ వంటింట్లో నిలబడే ఆయన ఏడుసార్లు ఆ నంబరుకి చేశాడు.

తెర మీద మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. లైబ్రేరియన్‌వి నాలుగు, ఇన్‌స్పెక్టరువి ఎనిమిది. పేరు లేని ఒక ల్యాండ్‌లైన్ నంబరు నుంచి పదకొండు.

"పదకొండుసార్లు! వీళ్ళెవరో దీని ముఠా అయ్యుంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముఠా కాదురా, ఆ పిల్లే. నంబర్లన్నీ ఈ ఫోన్‌లోనే ఉండిపోయాయి. గుర్తున్నది తన నంబరొక్కటే. ఇంటికి ఎవరొచ్చినా వినపడుతుంది, ఎత్తుతారు అని తన ఫోన్‌కి తనే చేస్తోంది." భూతద్దం అప్పటికే తన ఫోన్‌లో ఆ నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

రెండో రింగుకే ఎత్తారు. "జంతువుల క్లినిక్."

"అక్కడ బొంత అని ఒక ముసలి కుక్క..."

ఆ మాట పూర్తికాలేదు. అవతల ఫోన్ చేతులు మారింది. "అమ్మా! మీరేనా? వచ్చేశారా?" ఆ అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతోంది. "ఉందమ్మా, బతికే ఉంది. ఇక్కడే నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. నేను వచ్చేసరికి కాళ్ళు కొట్టుకుంటోంది. ఏం జరిగిందో నాకు తెలియదు. నేను ఆరే ఇచ్చానమ్మా. ఒట్టు, ఆరే."

లైబ్రేరియన్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "నాకు తెలుసే తల్లీ. నువ్వు ఏడవకు. దానికి వినపడుతుంది."

మగ గొంతు మధ్యలోకి వచ్చింది. "నేను డాక్టర్ని. మీరు దాని యజమానులా? వినండి. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చుంటోంది, గంట తిరక్కుండా మళ్ళీ పడిపోతోంది. పొద్దుటినుంచి ఇదే వరస. ఒక్క డోసుకి ఇలా జరగదు. ఈ అమ్మాయి ఒక్కటే ఇచ్చానంటోంది, పుస్తకంలో రాసింది కూడా చూపించింది. అదే నిజమైతే లోపల గడ్డ ఏదో ఉండాలి. మత్తిచ్చి పొట్ట తెరిచి చూడాలి. పద్నాలుగేళ్ళ గుండె. మత్తుకి ఆగుతుందని మాటివ్వలేను. ఇంకో పది నిమిషాల్లో మొదలుపెడతాను, మీ అనుమతి కావాలి."

"పది నిమిషాలు ఆగండి డాక్టర్. ఫోన్ పెట్టెయ్యకండి," అంది భూతద్దం.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఇన్‌స్పెక్టరు కూడా అక్క చూస్తున్నవైపే చూశాడు. మరిది గుమ్మానికి ఆనుకునే ఉన్నాడు, కానీ మొహంలో రక్తం లేదు.

"నీకు ఇంజెక్షన్ ఇవ్వడం ఎవరు నేర్పారు నాయనా?" ఆవిడ అడిగిన తీరులో గద్దింపు లేదు.

 లైబ్రేరియనే జవాబు చెప్పింది. "నేనే. పోయినేడు నాకు జ్వరమొస్తే వారం రోజులు అతనే ఇచ్చాడు. ఎందుకండీ?"

"మూత పెట్టడం కూడా మీరే నేర్పారన్నమాట. ఆ తొమ్మిదోదాని మూత మీదున్నది ప్రెస్సు ఇంకు. ఎంత తోమినా గోళ్ళలోంచి పోనిది." ఆవిడ అతని దగ్గరికి నడిచింది. "చార్టు ఖాళీగా ఉందని నువ్వు చూసింది ఇందాక కాదు, పొద్దున. అవునా?"

"వాడి దగ్గరున్న మా ఇంటి తాళంచెవి ముందే నాకు ఇచ్చేశాడే!" అన్నాడు కళ్ళద్దాలాయన అయోమయంగా.

"ఇచ్చేముందు ఇంకోటి చేయించుకున్నానన్నయ్యా." మరిది నేలవైపు చూస్తూ అన్నాడు. "దొంగతనానికి కాదు. మీరు నన్ను కాదని ఎవరినో పెట్టుకున్నారని... బొంత ఎలా ఉందో చూసి పోదామని. ఇన్నాళ్ళు రోజూ చూసినవాణ్ణి, నాలుగు రోజులు చూడకుండా ఉండలేకపోయాను. ఆ పిల్ల పిల్లి దగ్గరికి పోయిన టైములో వచ్చాను. చార్టు మీద ఒక్క టిక్కు లేదు. నాలుగు రోజులుగా మందు లేకుండా చంపుతోందనుకున్నాను. మీరొచ్చాక ఆ పిల్ల సంగతి చెబుదామనుకుని..."

"ఎన్ని యూనిట్లు?" భూతద్దం అతని భుజం పట్టుకుంది. "డాక్టరు వింటున్నాడు. ఎన్ని, ఎప్పుడు?"

"ఆరు. ఏడూ యాభైకి."

"అంటే గంట తిరక్కుండా రెండు డోసులు, పన్నెండు," అన్నాడు డాక్టరు. ఆయన గట్టిగా ఊపిరి వదలడం స్పీకరులో వినపడింది. "అలా చెప్పండి మరి! గడ్డా లేదు, ఏమీ లేదు. పొట్ట తెరవక్కర్లేదు. అమ్మాయ్, నువ్వు చెప్పింది నిజమే. నిన్ను పొద్దుటినుంచి నిలదీశాను, ఏమనుకోకు."

అవతల ఆ అమ్మాయి ఏడుపు ఇప్పుడు ఆపుకోలేదు. ఇవతల మరిది గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. "ఆ పిల్లని దొంగ అని రాసిచ్చానన్నయ్యా. నేను... నా చేత్తో నేనే..." కళ్ళద్దాలాయన తమ్ముడి తల తన పొట్టకి ఆనించుకున్నాడు.  లైబ్రేరియన్ మాత్రం కదల్లేదు. మరిదిని చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపముందో జాలి ఉందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి కంప్లయింటు కాగితం తీసి నాలుగు మడతలు పెట్టాడు. "సరే అక్కా. ఒప్పుకున్నాను."

భూతద్దం వినలేదు. మరిది చొక్కా జేబువైపు చూస్తోంది. ఏడుస్తూనే అతని చెయ్యి అటు పోయింది, పోయి అక్కడే ఆగిపోయింది.

"ఇంకేదో ఉంది. చెప్పెయ్ నాయనా."

అతను తలెత్తాడు. చొక్కా జేబులోంచి ఇంకో సిరంజి తీశాడు. మూత పెట్టి ఉంది, కానీ మూత వంకరగా నిలబడింది. లోపల సూది వంగిపోయింది.

"మొదటిసారి గుచ్చగానే అది ఉలిక్కిపడి కదిలింది. సూది వంగింది. మందు లోపలికి వెళ్ళలేదనుకుని..." సిరంజిని వేళ్ళ మధ్య తిప్పాడు. "నేనిచ్చింది ఒకటి కాదండీ. రెండు."

భూతద్దం దాన్ని లాక్కుని వెలుతురుకి పట్టి చూసింది. గొట్టంలో ఒక్క చుక్క లేదు.

"డాక్టర్, విన్నారా? ఇదీ లోపలికే వెళ్ళింది. మొత్తం పద్దెనిమిది."

అవతల సీసాలు కదిలిన చప్పుడైంది.

"పద్దెనిమిది," అన్నాడు డాక్టరు, ఇందాకటి తేలిక ఏమీ లేని గొంతుతో. "అయితే ఇది సాయంత్రానికి తేలేది కాదు. తెల్లారేదాకా గ్లూకోజు ఆగకుండా ఎక్కాలి. ఒక్క అరగంట ఆగినా నా చేతిలో ఉండదు. నా దగ్గర మిగిలింది ఈ ఎక్కుతున్న సీసా ఒక్కటే. నలభై నిమిషాలు వస్తుంది. మాకు సరుకిచ్చే మనిషి రేపు గానీ రాడు."

నాలుగూ ఇరవై ఐదు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "బస్టాండు దగ్గరున్నవాళ్ళు వినండి. ఆ అమ్మాయి కోసం వెతకడం ఆపండి. చుట్టుపక్కల మందుల షాపులన్నీ తిరిగి ఎక్కించే గ్లూకోజు సీసాలు ఎన్నుంటే అన్ని కొనండి. ఆఁ, గ్లూకోజే. కుక్కకి. నవ్వినవాడెవడో రేపు నా ముందు నిలబడి నవ్వాలి." తాళాలు లాక్కుని గుమ్మం దాటుతూ వెనక్కి అరిచాడు. "అక్కా, జీపెక్కు! అందరూ ఎక్కండి!"

మరిది లేవలేదు. "నేను రాను. నా మొహం దానికి చూపించలేను."

లైబ్రేరియన్ బ్యాగు కింద పెట్టి వచ్చి, అతని రెక్క పట్టుకుని లేపింది. "దానికి కళ్ళు కనపడవురా. నీ చెయ్యి వాసనైతే తెలుస్తుంది. పద."

భూతద్దం చేతిలోని ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. జీపు మలుపు తిరుగుతుండగా, సైరన్ మోతలోంచి ఆ అమ్మాయి గొంతు సన్నగా వినపడింది.

"అమ్మా, ఎంతదూరంలో ఉన్నారు? బొంత మళ్ళీ కళ్ళు మూసేస్తోంది. పిలిస్తే పలకట్లేదు."